సవరణ: అగ్నిదండంలో ఉండాల్సింది రాగి తీగ కాదు

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య మాంత్రిక సంఘం పద్ధతిలో పూజా సాధనాలను ఎవరికి వారే తయారు చేసుకోవడం గురించి పోయిన పోస్టులో రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. అగ్నికి గుర్తుగా వాడే కర్ర, అంటే అగ్నిదండం మధ్యలో రాగి తీగ దూర్చమన్నాను. ఉండాల్సింది అయస్కాంతీకరించిన ఉక్కు తీగ, రెండు చివరలా కొద్దిగా బయటికి కనిపిస్తూ. రాగికి అయస్కాంత గుణం పట్టదు కదా అని ఒకాయన అడిగితే గానీ నాకు తట్టలేదు. గుండుసూది దగ్గర పెట్టి చూశాను, కదల్లేదు. విశాఖలోని పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఉక్కు తీగ తెచ్చి, అయస్కాంతంతో ఒకే దిశలో పదేపదే రుద్దాను. ఈసారి సూది టక్కున అతుక్కుంది. రాగి తీగ లాగేటప్పుడు అంకుడు కర్ర అంచు కాస్త చీలింది, అది నా తొందర. మన సముద్రపు గాలికి ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది, చివరలకు కొబ్బరినూనె రాయండి.

రెండోది, గాలికి గుర్తుగా వాడే వాయు బాకు పిడి పసుపు అని సరిగ్గానే రాసి, దాని మీద అక్షరాలు ఎరుపు అన్నాను. ఊదా రంగు వేయాలి. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు పక్కపక్కన ఉంటే కళ్లకు మెరిసినట్టు అనిపిస్తుంది, అసలు ఉద్దేశం అదే. అగ్నిదండానికి ఎరుపు మీద ఆకుపచ్చ కూడా అందుకే.

అన్నట్టు, అంకుడు కర్ర బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, విశాఖలో కాదు. 2022 నుంచీ అంతే, నాకింకా పాత అలవాటు పోలేదు.