సవరణ: జగ్గన్నతోట తీర్థం సంక్రాంతి రోజు కాదు, కనుమ రోజు

నిన్న కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి రాస్తూ రెండు తప్పులు చేశాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తమ శివుణ్ణి ప్రభ మీద, అంటే అలంకరించిన పెద్ద వెదురు చట్రం మీద, మోసుకొచ్చే జాతర అది. సంక్రాంతి రోజు జరుగుతుందన్నాను, కాదు, కనుమ రోజు. నా మాట నమ్మి ఎవరైనా ముందురోజే ఆ తోట ఉన్న మొసలపల్లి వెళ్తే ఖాళీ కొబ్బరితోట చూసి రావాల్సిందే, అక్కడ గుడి కూడా లేదు మరి!

రెండోది, గంగలకుర్రు ఊరి ప్రభలు గోదావరి దాటి వస్తాయని రాశాను. అవి దాటేది కౌశిక నది. ఛాతీ లోతు నీళ్లలో, కాళ్ల కింద బురద జారుతుంటే, రంగు గుడ్డలు కట్టిన అంత పెద్ద ప్రభని ఒరిగిపోకుండా భుజాల మీద మోస్తూ, మధ్యలో "ఓయ్, ఇటు కాయండ్రా" అని అరుచుకుంటూ ఒడ్డెక్కిస్తారు.

అక్కడ చేరేది పదకొండు మంది రుద్రులు, అంటే శివుడి పదకొండు రూపాలు, అన్నది మాత్రం కరెక్టే. పాత పోస్టు సరిచేశాను.