బ్యూరెట్ పట్టే ముందు

ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ మరో ద్రావణం గాఢత కనుక్కునే ప్రయోగమే టైట్రేషన్. దానికోసం ఇంటర్ విద్యార్థి మొదటిసారి బ్యూరెట్ (కింద కొళాయి ఉన్న కొలత గాజుగొట్టం) ముందు నిలబడినప్పుడు ఎన్ని గుర్తుంచుకోవాలో చూడండి. ఎడమ చేత్తో కొళాయి తిప్పుతూ కుడి చేత్తో శాంకవ కుప్పెను కదుపుతుండాలి. బ్యూరెట్‌లో పోసే పర్మాంగనేట్‌ది ముదురు రంగు కాబట్టి రీడింగ్ పై అంచు దగ్గర చూడాలి. కుప్పెలో ఉన్నది ఆక్సాలిక్ ఆమ్లమైతే ముందు 60-70 డిగ్రీలకు వేడిచేయాలి, మోర్ లవణాన్ని వేడిచేయకూడదు. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి. మధ్యలో లెక్చరర్ చెప్పేది వినాలి, అంకెలు రాసుకోవాలి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ బోధనపై పరిశోధించిన అలెక్స్ జాన్‌స్టన్ 1980లలోనే ఈ ఇబ్బందిని పట్టుకున్నారు. ల్యాబ్‌లో ఇన్ని సంగతులు ఒక్కసారే మీద పడితే పిల్లలు ఆలోచించడం మానేసి, చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతారు.

అందుకే ఆగ్మెంటెడ్ రియాలిటీ వీడియోలను మేము స్వాగతిస్తున్నాం. ఫోన్ కెమెరాను ఎదురుగా ఉన్న బ్యూరెట్ వైపు తిప్పితే, చెయ్యి ఎక్కడ పెట్టాలో, కన్ను ఎక్కడ ఆనాలో తెరపై ఆ పరికరం మీదే కనిపిస్తుంది. మామూలు వీడియోలో ఉండేది ఎవరిదో ల్యాబ్. లవణంలో నైట్రేటు ఉందో లేదో తేల్చే గోధుమ వలయ పరీక్షనే తీసుకోండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంబడి మెల్లగా జార్చాలని పుస్తకం చెబుతుంది. ఎంత మెల్లగా? నాళికను ఎంత వంచి? గభాలున పోస్తే వలయం రాదు సరికదా, చెయ్యి కాలే ప్రమాదముంది. ముందురోజే నాలుగుసార్లు చూసి వచ్చిన అమ్మాయికి ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

మా భయం వేరే ఉంది. ఏడాదంతా ఎంట్రన్స్ బిట్ల మీద గడిపి, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాక ల్యాబ్ తాళం తీసే జూనియర్ కాలేజీలు తెలుగు రాష్ట్రాల్లో కొత్తకాదు. అక్కడ రికార్డులు సీనియర్ల రికార్డులు చూసి నింపేస్తారు, 30 మార్కులూ పడిపోతాయి. అలాంటి చోట 'వీడియో చూపించాం కదా' అనే మాట ల్యాబ్‌కు బదులుగా నిలబడిపోతుంది. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి తెచ్చిన ఆన్‌లైన్ ల్యాబ్ ఓల్యాబ్స్ ఎన్నో ఏళ్లుగా ఉంది, మంచి ప్రయత్నమే. అయినా హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసనను చేత్తో కొద్దిగా విసురుకుని పసిగట్టడం ఏ తెర మీదా అలవాటు కాదు.

హాస్టళ్లలో ఫోన్లు నిషేధం కాబట్టి, ఇంటర్నెట్ అక్కర్లేకుండా పనిచేసే రెండు మూడు ట్యాబ్‌లు ల్యాబ్‌లోనే ఉంచాలి. ఆమ్లం, బర్నర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాటిని పక్కన పెట్టించాలి. వీడియోలు తెలుగులో, మన కాలేజీల్లో దొరికే పరికరాలతోనే, మన లెక్చరర్లే తీయాలి. వీడియో చూసిన సమయాన్ని ప్రాక్టికల్ గంటల్లో కలపకూడదు. ఏ కాలేజీ ల్యాబ్ ఏ నెలలో తెరిచింది, ఒక్కో విద్యార్థి సొంతంగా ఎన్ని టైట్రేషన్లు చేశాడు అన్న వివరాలను ఇంటర్ బోర్డులు పరీక్షలకు ముందే తల్లిదండ్రులందరికీ కనిపించేలా తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి.