మా నాన్న ప్యాంటుకు పురావస్తు హోదా

మన దేశంలో పురావస్తువులకు 1972లో ఒక చట్టం చేశారు. ఏ వస్తువైనా పురావస్తువు అనిపించుకోవాలంటే వందేళ్లు నిండాలని అందులో ఉంది. విలువైన రాతప్రతి అయితే 75 ఏళ్లు చాలు. ప్యాంట్లకు మాత్రం ఏ సడలింపూ ఇవ్వలేదు. పార్లమెంటు మరిచిన ఆ పని మా అమ్మాయి పూర్తిచేసింది. తాతగారి ట్రంకు పెట్టె తెరిచి, కలరా ఉండల వాసన మధ్య నుంచి పాలిస్టరు కలిసిన గోధుమరంగు టెరికాట్ బెల్‌బాటం ఒకటి పైకి లాగి, అది వింటేజ్ అని ప్రకటించింది. ఆ చట్టమూ ఆ ప్యాంటూ ఇంచుమించు ఒక ఈడువే. చట్టాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ వింటేజ్ అనలేదు.

పాదాల దగ్గర ఆ ప్యాంటు చుట్టుకొలత 26 అంగుళాలు. నేలకు రాసుకుని అంచు అరిగిపోకుండా అడుగున ఇత్తడి జిప్పు కుట్టించారు. సైకిలు చైనులో పడ్డప్పటి నూనె మరక కుడికాలి మీద ఇంకా ఉంది. ఉతికిపెడతానని మా ఆవిడ చెయ్యి చాస్తే అమ్మాయి అడ్డుపడింది. ఒరిజినల్ అనడానికి ఆ మరకే సాక్ష్యమట. ఇదే మరక చూసి మా నానమ్మ మా నాన్నకు ఆ రోజు అన్నం పెట్టలేదని మా అమ్మ గుర్తుచేసుకుంది.

ఇక్కడ ఒక చారిత్రక అన్యాయం గురించి చెప్పక తప్పదు. అదే పెట్టెలో ఉండాల్సిన వెంకటగిరి నూలు చీరలు లేవు. మంచి నూలు బట్టకు మర్యాద తెలుసు. కట్టినంతకాలం కట్టించుకుని, మెత్తబడ్డాక పసిపిల్లలకు బొంతై, చివరికి మసిగుడ్డై వెళ్లిపోతుంది. టెరికాట్ అలా కాదు, దానికి చావు లేదు. అందుకని ఏ కాలపు సొగసు చూద్దామన్నా, ఆ కాలంలో ఎవరూ చింపలేకపోయిన బట్టే మనకు దొరుకుతుంది. రేపు తవ్వకాలు జరిపేవాళ్లు, ఆంధ్రదేశంలో మే నెలలో కూడా జనం పాలిస్టరు కట్టుకుని ఉక్కతో తపస్సు చేసేవారని రాసుకుంటారు. అబద్ధమేమీ కాదు.

బుట్టచేతుల జాకెట్ల సంగతి వేరు. 2018లో మహానటి సినిమా వచ్చింది, దుస్తులకు జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో 1950ల పాలన నడుస్తోంది. ఒక్కో చేతికి పట్టే గుడ్డతో మా చిన్నప్పుడు ఒక చంటిపిల్ల గౌను అయ్యేది. ‘‘ఆ చేతులు ఇస్త్రీ చెయ్యలేకే మేం మానేశామే అమ్మలూ’’ అంది మా అమ్మ. పరిశోధనకు పనికిరాని సమాచారమని దాన్ని పక్కన పెట్టాం.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది తేలియా రుమాలు. నూలును నూనెలో, బూడిదనీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ముడులు కట్టి, ఎరుపూ నలుపూ అద్ది నేసేవారు. చీరాల నుంచి అరబ్బు దేశాలకు వెళ్లేది. ఇక్కడేమో జాలర్లు లుంగీగా, పశువుల కాపర్లు తలపాగాగా చుట్టుకునేవారు. ఇప్పటికీ తెలంగాణలోని పుట్టపాక అనే ఊళ్లో నేస్తున్నారు. 2020లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది, చాలా సంతోషం. నేతగాడి చేతికి నాలుగు డబ్బులు వస్తే ఇంకా సంతోషం. అయితే ఎండలో గేదెలు కాసినాయన తలకు చుట్టుకున్న గుడ్డను ఏసీ హాల్లో భుజాన వేసుకుని, ‘‘వాసన చూడండి, నూనె వాసన!’’ అని పదిమందికీ చూపించేవాళ్లను చూస్తే నాకో ధర్మసందేహం. ఆ కాపరి పక్కన నిలబడితే ఇదే ముక్కు ఎటు తిరిగేది?

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. బట్టలకు విడిగా ఒక కాలపట్టిక ప్రకటించాలి. పదేళ్ల లోపుది పరువు తక్కువ, ఇరవై ఏళ్లది పనిమనిషికి ఇచ్చేది, ముప్పై ఏళ్లది రెట్రో, ఆపైన వింటేజ్. ఏ మెట్టు మీద ఉన్నామో తెలియక నాలాంటివాళ్లు నష్టపోతున్నారు. కాలేజీలో నేను తొడిగిన బ్యాగీ జీన్సుతో ఏళ్ల తరబడి స్కూటరు తుడిచాను. ఇప్పుడు అదే కొలతల జీన్సు అమ్మాయికి కొనడానికి ఆ స్కూటరు అమ్మినా చాలేట్టు లేదు.

మొన్న ఆదివారం వీధిలో ‘‘పాత బట్టలకు స్టీలు సామాన్లు!’’ అని కేక వినిపించింది. మా అమ్మ ముఖం తిప్పుకుంది. తన పెళ్లి పట్టుచీర జరీతో సహా ఇలాంటి కేకకే పోయింది, 1988లో, ఒక బేసిన్ కోసం. ఆ బేసిన్‌లోనే ఇప్పటికీ పిండి కలుపుతాం. అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తి, పిండి గోడకు అంటుకుని ఉండగానే దాన్ని ఎత్తుకుని వీధిలోకి వెళ్లింది. అతని మూటలో పైకి కనిపిస్తున్న చుక్కల చీర కావాలట. అతను బేసిన్‌ను తిప్పి చూశాడు, అడుగున వేలితో కొట్టి చూశాడు.

‘‘ఇది పాతదమ్మా. ఇంకోటి కూడా ఇస్తే చూద్దాం.’’