జబ్బు ఒకటే, చేరిన చోటు వేరు

కెన్నెత్ పాల్ రోజెన్‌బర్గ్ న్యూయార్క్‌లో సైకియాట్రిస్టు, డాక్యుమెంటరీలూ తీస్తారు. ఆయన తీసిన ‘బెడ్‌లమ్’ 2019లో సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్‌కి వెళ్లింది, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికా పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో ప్రసారమైంది. అందులో ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఎమర్జెన్సీలో ఏళ్ల తరబడి తీసినదే. అక్కడికొచ్చే మనుషులు వీధి, జైలు, మళ్లీ ఎమర్జెన్సీ అంటూ తిరుగుతూనే ఉంటారు.

ఈ తిరుగుడు ఎలా మొదలైందో తెలిసిన కథే. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో అయిదున్నర లక్షల మందికి పైగా ఉండేవారు. 1963లో కెనెడీ చట్టం తెచ్చి, ఇక ఎక్కడికక్కడే చికిత్స అన్నారు. పెద్దాసుపత్రులు ఖాళీ అయ్యాయి, చిన్న కేంద్రాలు అనుకున్నన్ని రాలేదు. 1981లో రీగన్ ప్రభుత్వం నిధులు కోసేసింది. ఇవాళ దేశంలోకెల్లా ఎక్కువమంది మానసిక రోగులున్న చోట్లలో లాస్ ఏంజెలెస్ కౌంటీ జైలు ఒకటి.

నాకు ఈ సినిమాలో ముఖ్యమనిపించింది రెండు కుటుంబాల కథ. దర్శకుడి అక్కకి స్కిజోఫ్రీనియా, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక వ్యాధి. సిగ్గుతో ఆ ఇంట్లోవాళ్లు విషయం బయటికి పొక్కనివ్వలేదు. (సంబంధాలు చెడతాయని మన ఇళ్లలో దాచినట్టే.) రెండోది, నల్లజాతివారి ఉద్యమం బ్లాక్ లైవ్స్ మ్యాటర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ప్యాట్రిస్ కల్లర్స్ కుటుంబం. ఆమె అన్నయ్యది కూడా దాదాపు అలాంటి జబ్బే. ఒకసారి అది బాగా ముదిరి ఉన్నప్పుడు అతని కారుకి చిన్న యాక్సిడెంట్ అయింది. అవతలి మహిళ మీద అరిచాడు, చెయ్యి మాత్రం చేసుకోలేదు. పోలీసులు రబ్బరు బుల్లెట్లు కాల్చి, కరెంటు షాకిచ్చి, టెర్రరిజం కేసు పెట్టారు. కోర్టుకి నడిపించుకు రాలేదు. స్ట్రెచర్‌కి కట్టేసి, ఉమ్మకుండా మొహానికి జాలీ తొడిగి తోసుకొచ్చారని చెల్లెలు రాసుకుంది. తెల్లవాళ్ల ఇంట్లో గుట్టుగా ఉండిపోయిన జబ్బు, నల్లవాళ్ల ఇంట్లో నేరమైంది.

అయితే రోజెన్‌బర్గ్ జైళ్లనీ, బడ్జెట్లనీ నిలదీసినంత గట్టిగా సొంత వృత్తిని నిలదీయలేదనిపిస్తుంది. 1974లో ఒక ప్రముఖ సైకియాట్రీ జర్నల్‌లో హాల్డాల్ అనే మందు ప్రకటన వచ్చింది. బొమ్మలో తగలబడుతున్న వీధి, పిడికిలి బిగించి కోపంగా ఊగిపోతున్న నల్లజాతి యువకుడు. ఇలాంటివాడు దారికి రావాలంటే ఈ మందుతో మొదలుపెట్టండన్నది దాని సారాంశం. పౌరహక్కుల ఊరేగింపుల్లో కనిపించిన పిడికిలే డాక్టర్లకి రోగలక్షణంగా అమ్ముడుపోయింది! నల్లవారికి స్కిజోఫ్రీనియా అని రాసేయడం ఎక్కువని ఆ తర్వాత అధ్యయనాలు పదేపదే చెప్పాయి. అంటే పోలీసు కంటే ముందే డాక్టరు కూడా ఆ మనిషిని చూసి భయపడుతున్నాడు. ఈ సంగతి కెమెరా ముందు అడగడానికి సైకియాట్రిస్టు అయిన దర్శకుడికి మించినవాళ్లు ఎవరుంటారు?

కల్లర్స్ ఇంటి బాధ మాత్రం ఉద్యమమైంది. లాస్ ఏంజెలెస్‌లోని పాత సెంట్రల్ జైలు స్థానంలో మానసిక రోగుల కోసం కొత్త జైలు కడతామన్న 170 కోట్ల డాలర్ల కాంట్రాక్టుని 2019 ఆగస్టులో కౌంటీ రద్దు చేసుకుంది. చికిత్స పేరు పెట్టినా అది జైలే అని ఆమె, ఆమెతో ఉన్నవాళ్లు చేసిన వాదన నెగ్గింది. పాత జైలుని మూసేస్తామని 2021లో తీర్మానం కూడా చేశారు. కానీ లోపలున్న రోగుల్ని పంపడానికి బయట సరిపడా పడకలు లేవు. ఆ జైలు ఏళ్లు గడిచినా నడుస్తూనే ఉంది.