ఎవరి తాలూకు అని అడగని మహానగరం

ముంబైలో రద్దీ ఎక్కువని, ఉక్క ఎక్కువని, వాన పడితే పట్టాలు మునుగుతాయని ఇప్పటికే చాలామంది రాశారు. అసలు లోపం గురించి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ ఊళ్లో ఎవరూ ఏమీ అడగరు. 2011 జనాభా లెక్కల్లో కోటీ 24 లక్షల మంది తేలిన నగరం అది. అంతమందిలో ఒక్కరైనా "మీదే ఊరండీ? ఎవరి తాలూకు?" అన్న పాపాన పోలేదు. రాజమండ్రిలో రైలు దిగి ఆటో ఎక్కితే, దేవీచౌక్ చేరేలోపల డ్రైవరు మన ఉద్యోగం, జీతం, పిల్లల చదువులు, వాళ్లకు ఇంకా పెళ్లి కాకపోవడానికి కారణం అన్నీ రాబడతాడు. గోత్రం ఒక్కటే మిగిలిపోతుంది, అదీ దూరం చాలక.

ఈ క్షీణత ఎక్కడ మొదలవుతుందో కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో స్పష్టంగా గమనించవచ్చు. విజయవాడ దాకా ఎదుటి బెర్తు పెద్దావిడ నన్ను వదలలేదు. సికింద్రాబాద్‌లో ఎక్కినవారు ఊరు, ఉద్యోగం అడిగి ఊరుకున్నారు. కర్ణాటకలోని వాడి జంక్షన్ దాటాక ప్రశ్నలు పలచబడ్డాయి. పుణెలో ఎక్కినవాళ్లు ఫోన్లలో తల దూర్చారు. కళ్యాణ్ వచ్చేసరికి, ఇంతమంది మధ్య నేను ఎవరికీ ఏమీ కానన్న సంగతి నాకు పూర్తిగా అర్థమైంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. లోకల్ రైల్లో ఒక పెద్దమనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. ఎక్కడ దిగుతారని. ఎన్నాళ్లకు పలకరింపు దొరికిందని నేను సర్దుకుని కూర్చుని, దాదర్‌లో దిగుతానని, అక్కడ మా మేనల్లుడు వచ్చి తీసుకెళ్తాడని, వాడు మా రెండో చెల్లెలి కొడుకని వివరంగా మొదలుపెట్టాను. ఆయన దాదర్ దగ్గరే వినడం ఆపేశాడు. ఆయనకు కావలసింది నా కుటుంబం కాదు, నా సీటు. నిలబడ్డవాడు కూర్చున్నవాడిని ఆ ప్రశ్న అడిగాడంటే ఆ చోటు తన పేర రాయించుకున్నట్టే.

అయితే ఆ రైల్లోనే మరో వింత ఆచారం చూశాను. ముగ్గురి కోసం చేసిన బల్ల మీద నలుగురు కూర్చుంటారు. నాలుగోవాడు వచ్చి నోరు కూడా విప్పడు, వేలితో పక్కకు జరగమన్నట్టు చిన్న సైగ చేస్తాడు. ముగ్గురూ తలెత్తకుండానే జరుగుతారు. వచ్చినవాడికి దక్కేది సగం చోటే, మిగతా సగం శరీరం నడవలో గాలిలో ఉంటుంది. అయినా అది హక్కుగా దక్కిన చోటు. మా వైపు ముగ్గురి బల్ల మీద నాలుగోవాడికి చోటివ్వాలంటే అతను తక్కువలో తక్కువ వియ్యాలవారి తరఫు మనిషైనా కావాలి. ఇక్కడ ఎవరని అడగరు, ఏమిటోళ్లని అడగరు, జరిగిపోతారు. నాకు ఇది ప్రమాదకరంగా తోచింది. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియకుండా భుజం భుజం రాసుకుని దాదర్ దాకా వెళ్లిపోతే, తరువాత ఇంట్లో ఏమని చెప్పుకుంటారు?

బోరివలి దాటి ఊరి చివర విరార్ దాకా పోయే లోకల్ బండి, విరార్ ఫాస్టు సంగతి వేరు. ఆ బండెక్కి బోరివలిలో దిగాలనుకునేవాడిని తలుపు దగ్గరి విరార్‌వాసులు దిగనివ్వరట. కనీసం ఆ ఒక్క బండిలోనైనా స్థానికాభిమానం బతికి ఉన్నందుకు సంతోషించాను.

సాయంత్రం మెరీన్ డ్రైవ్‌కు వెళ్లాను. సుమారు మూడున్నర కిలోమీటర్ల గట్టు, దాని పొడవునా జంటలు. అందరూ నగరానికి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. వెనక వేలమంది నడుస్తున్నారు, ఒక్కరూ వంగి ముఖాలు చూడరు. మా గోదావరి గట్టు మీద ఇద్దరు కూర్చుంటే, వాళ్లకన్నా ముందు వార్త వాళ్ల ఇంటికి చేరుతుంది. ఇన్ని జంటలు ఇలా లెక్కాపత్రం లేకుండా ఉండిపోవడం సమాజానికి ఎంత నష్టం!

గోదావరి అంటే గుర్తొచ్చింది. ఆ తల్లి పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అక్కడి నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే. అయినా అటు కన్నెత్తి చూడకుండా 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి మన వైపు వచ్చింది. దీనికి భూగోళశాస్త్రవేత్తలు కొండల వాలు, పీఠభూమి అంటూ ఏవో కారణాలు చెబుతారు. అటు వెళితే అడిగే దిక్కు ఉండదని ఆమెకు ముందే తెలుసునని నా అభిప్రాయం.

ఇక అద్దెలు. 1661లో పోర్చుగీసువారు తమ రాకుమారి కేథరిన్‌ను ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్‌కు ఇవ్వడానికి ఒప్పుకుని బొంబాయిని కట్నం కింద రాసిచ్చారు. ఇంతవరకు మా జిల్లాలవారికి సులభంగా అర్థమయ్యే వ్యవహారమే. 1668లో అల్లుడుగారు ఆ కట్నాన్ని ఏడాదికి 10 పౌండ్లకు ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాడు. కట్నంగా వచ్చిన కొబ్బరితోటను అంత చవగ్గా కౌలుకిచ్చిన అల్లుడు కోనసీమలో పుట్టలేదు. ముంబైలో అద్దె చవగ్గా దొరకడం బహుశా అదే ఆఖరుసారి. ఇప్పుడు అక్కడ జాగా ఎంత కరవంటే, బంగాళదుంప బోండా కూడా విడిగా ఉండలేక పావ్ అనే బన్ను రొట్టెలో తలదాచుకుంటోంది.

మా మేనల్లుడికి ఇల్లు వెతకడానికి నేనూ వెంట వెళ్లాను. బ్రోకరు చూపించింది వన్ ఆర్‌కే. అంటే ఒక గది, వంటకు ఒక మూల. తలుపు తీస్తే మంచం, మంచం దిగితే పొయ్యి. కిటికీ తీస్తే చేతికందే దూరంలో ఎదుటి భవనం కిటికీ, అందులో ఒకావిడ పచ్చిమిరపకాయలు తరుగుతోంది. మా వీధిలో అయితే ఆ దూరానికి కూర గిన్నే చేతులు మారేది. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

ఈ నగరంలో మేడలు కట్టినవారిలో మనవాళ్లూ ఉన్నారు. కామాఠిపుర అన్న పేట పేరే తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. పాలమూరు కూలీలు ముంబై బస్సెక్కడం మొన్నమొన్నటి సంగతి. ఇటుకలు మోసేవాడిని మాంసం తింటావా అని అప్పుడెవరూ అడిగినట్టు లేదు.

ఆ లోటును ఆ భవనంలోని ఇళ్లవాళ్ల సంఘం, అంటే సొసైటీ, సెక్రటరీగారు తీర్చారు. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు. పెళ్లయిందా? శాకాహారమా, మాంసాహారమా? గుడ్డు? పుస్తెలమ్మైనా పులస తినాలనే గడ్డ మీద పుట్టిన కుర్రవాడు నీళ్లు నమిలాడు. పూర్తి పేరేమిటి? చెప్పాడు. సెక్రటరీగారు మా ఇంటిపేరును అటూ ఇటూ తిప్పి చూసి, దానిలోంచి ఏమీ తేలకపోయేసరికి, గొంతు తగ్గించి, "అది సరే, అసలు మీరంటే ఎవరు?" అన్నారు.

నాకు ఆనందంతో గొంతు పూడుకుపోయింది. పలకరింపు ఈ నగరంలో చచ్చిపోలేదు, రైళ్లలో దొరక్క సొసైటీ ఆఫీసుల్లో తలదాచుకుంది. మేనల్లుడు ఎర్రబడిన ముఖంతో "పదండి మామయ్యా" అని నా చెయ్యి లాగాడు. "ఉండరా, ఇప్పుడిప్పుడే మాటల్లో పడ్డాం" అన్నాను.

ఇల్లు మాత్రం ఇవ్వలేదు. పక్క వీధిలో ఇంకో సొసైటీ ఉందని, 11 నెలల అగ్రిమెంటు అని, కుదిరితే తనకు ఒక నెల అద్దె ఇవ్వాలని బ్రోకరు చెప్పాడు. అక్కడా ఇవే ప్రశ్నలు అడుగుతారట. మా ఊళ్లో ఇవన్నీ ఉచితంగా అడిగి, పైగా కాఫీ ఇస్తారు.