చిన్న క్లాసులు చెప్పడానికి డిగ్రీ ఎందుకు అంటున్నవాళ్ళకి

ఒక మెసేజ్ కొన్నాళ్ళుగా తెగ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "చిన్నపిల్లలకి అక్షరాలు, కూడికలు నేర్పడానికి యూనివర్సిటీలో ఏళ్ళకి ఏళ్ళు చదవాలా? అవి మనందరికీ వచ్చినవే. పిల్లలంటే ప్రేమ, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ డిగ్రీలో చెప్పేదంతా థియరీ, క్లాసులో అడుగుపెట్టాకే అసలు సంగతి తెలిసేది. పైగా ఇప్పుడు అన్నిటికీ వీడియోలు ఉన్నాయి. మంచి మార్కులు వచ్చినవాళ్ళు అటు వెళ్ళి జీవితం పాడుచేసుకోవద్దు."

మా చిన్నాన్న కూతురు ఈమధ్యే చిన్న క్లాసుల టీచర్లకి ఉండే డిగ్రీ కోర్సుకి అప్లై చేసింది. ఈ మెసేజ్ నాకు పంపి, "అక్కా, నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అని అడిగింది. నేను ఆ డిగ్రీయే చదివి 11 ఏళ్ళుగా చిన్న క్లాసులు చెబుతున్నాను. దానికి ఫోన్లో హడావిడిగా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

"అవి మనందరికీ వచ్చినవే"

నిజమే, వచ్చు. తీసివేత చేయడం మనకి వచ్చు. తీసివేత రాని పిల్లాడి బుర్రలో ఏం జరుగుతోందో మాత్రం మనకి తెలియదు. ఒక ఉదాహరణ చెబుతాను, కాగితం మీద మీరూ వేసి చూడండి.

52 లోంచి 27 తీసేయాలి. జవాబు 25. ఒక పిల్లాడు, ఒక అమ్మాయి ఇద్దరూ 35 అని వేశారు. తీసివేత తెలిసిన ఎవరైనా ఏం చేస్తారు? రెండు పుస్తకాల్లోనూ తప్పు పెట్టి, పక్కన 25 రాసి, "జాగ్రత్తగా చెయ్యి నాన్నా" అని పంపేస్తారు.

కానీ ఆ రెండు 35లూ ఒకటి కావు. పిల్లాడికి 2లోంచి 7 పోలేదు. అందుకని తిరగేసి 7లోంచి 2 తీసి 5 వేశాడు. తర్వాత 5లోంచి 2 తీస్తే 3. "ఎప్పుడూ పెద్దదాన్లోంచి చిన్నది తీయాలి" అని ఎవరో చెప్పిన మాటని వాడు నమ్మకంగా పాటిస్తున్నాడు. పక్కన కూర్చున్న అమ్మాయి అలా చేయలేదు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుంది, 12లోంచి 7 తీసి 5 వేసింది, అంతవరకూ సరిగ్గానే చేసింది. అప్పు ఇచ్చిన 5ని 4 చేయడం మర్చిపోయింది. ఆమెకీ పదుల్లో 3 వచ్చింది.

పిల్లాడికి 52 అంటే అయిదు పదులు, రెండు ఒకట్లు అన్న సంగతే ఇంకా అందలేదు. వాడితో పుల్లలు పదేసి కట్టలు కట్టించాలి, ఒక కట్ట విప్పించి లెక్కపెట్టించాలి. అది రెండు మూడు రోజుల పని. అమ్మాయికి అదంతా అనవసరం, కొట్టేసి పైన 4 వేసుకునే అలవాటు చేయిస్తే సరిపోతుంది. ఇద్దరికీ ఒకే మందు వేస్తే పిల్లాడికి తక్కువవుతుంది, అమ్మాయికి విసుగొస్తుంది.

మరి ఎవరిది ఏ తప్పో ఎలా కనుక్కోవడం? ఒక్క అంకె మార్చాలి. 52 లోంచి 28 తీయమనాలి. తిరగేసేవాడికి 36 వస్తుంది, తగ్గించడం మర్చిపోయేదానికి 34 వస్తుంది. 27 ఇస్తే కలిసిపోయి కనపడే ఇద్దరూ 28 ఇస్తే విడిపోతారు. ఈ 28ని ఎంచుకోవడం నాకు తీసివేత వచ్చినందువల్ల రాలేదు. రెండో సంవత్సరంలో పిల్లల తప్పులని కుప్పలు కుప్పలుగా ముందు పోసుకుని, ఒక్కొక్కటీ ఎలా వచ్చి ఉంటుందో వెనక్కి వెళ్ళి కనిపెట్టే పని వారాల తరబడి చేయించారు. అప్పుడు వచ్చింది. పిల్లల తీసివేత తప్పుల్లో చాలావాటికి ఒక పద్ధతి ఉంటుందని 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు చూపించారు. ఆ పద్ధతి పట్టుకుంటే ఆ పిల్లాడు తర్వాతి లెక్కలో ఏం వేస్తాడో కూడా ముందే ఊహించవచ్చు.

సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని ఇంకొకరికి ఎక్కించడానికి కావలసిన తెలివిడి వేరు అని విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో గట్టిగా చెప్పి, రెండోదానికి ఒక పేరు పెట్టాడు. ఆ తర్వాత 2005లో హీథర్ హిల్, బ్రయన్ రోవన్, డెబొరా బాల్ అమెరికాలో 1, 3 తరగతుల టీచర్లని, పిల్లలని తీసుకుని చూశారు. లెక్క నేర్పడానికి పనికొచ్చే ఈ రకం పరిజ్ఞానం ఎక్కువ ఉన్న టీచర్ల దగ్గర పిల్లలు లెక్కల్లో ఎక్కువ ముందుకు వెళ్ళారు. అదీ ఒకటో క్లాసులో కూడా! ఏమీ ఉండదని మనం అనుకునే క్లాసు అది.

చదవడం సంగతీ అంతే. పాఠం గడగడా చదివేసే పిల్లాడిని చూసి మురిసిపోతాం. వాడి వేలు ఎక్కడుందో చూడండి. నోరు నాలుగో లైనులో ఉంటే వేలు రెండో లైను మీద ఉంటుంది. పాఠం వాడికి కంఠతా వచ్చు, అంతే. అదే పాఠంలోని మాటల్ని కలగాపులగం చేసి బోర్డు మీద రాస్తే ఒక్కటీ చదవలేడు. మాటని శబ్దాలుగా విడగొట్టడం, అక్షరాన్ని శబ్దంతో జతచేయడం, మళ్ళీ కూడబలుక్కోవడం, ఇవన్నీ వేరు వేరు మెట్లు. మనం ఆ మెట్లు ఎప్పుడో ఎక్కేశాం కాబట్టి అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. బాగా చదవడం వచ్చినవాళ్ళకే, చదవడం రాకపోవడం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం.

"ప్రేమ, ఓపిక ఉంటే చాలు"

ఈ మాట అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ప్రేమ లేనివాళ్ళు ఈ పనికి రాకూడదు, అందులో మరో మాట లేదు. కానీ నా ప్రేమ క్లాసులో ఏం చేసిందో చెబుతాను.

టీచింగ్ ప్రాక్టీస్ మొదటి నెల. ఒక సీనియర్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు చూసేవారు. నేను చాలా బాగా చెప్పాననుకున్న ఒక రోజు, ఆవిడ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. పిల్లలు కూర్చునే వరసలన్నీ చిన్న చిన్న గళ్ళుగా గీసి ఉన్నాయి. నేను ఎవరిని ప్రశ్న అడిగితే వాళ్ళ గడిలో ఒక గీత. గీతలన్నీ ముందు రెండు వరసల్లోనూ, మధ్య దారికి అటూ ఇటూ ఉన్నాయి. కిటికీ పక్క వరస పూర్తిగా ఖాళీ. ఆ వరసలో ఏడుగురు పిల్లలున్నారు. ఆ ఏడుగురూ నాకు ఇష్టమే, పేర్లన్నీ తెలుసు, పొద్దున్నే నవ్వుతూ పలకరించేదాన్ని. 40 నిమిషాల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కాగితం కింద ఇంకో వరస అంకెలున్నాయి: 1, 1, 2, 1, 1. ప్రశ్న అడిగాక నేను ఆగిన సెకన్లు. పిల్లలు ఇబ్బంది పడతారేమో అని ముద్దుగా నేనే జవాబు అందించేస్తున్నాను. ఇది నా ఒక్కదాని జబ్బు కాదని తర్వాత చదివితే తెలిసింది. మేరీ బడ్ రోవ్ అనే విద్యా పరిశోధకురాలు 1970లలో క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకను దగ్గరే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది. 30 మంది మీ ముఖంలోకే చూస్తున్నప్పుడు ఆ మూడు సెకన్లు నిశ్శబ్దంగా నిలబడడానికి నాకు నెలన్నర ప్రాక్టీస్ పట్టింది.

ఓపిక విషయం కూడా కొంచెం చెప్పాలి. పిలిస్తే పలకని, చెప్పింది చెయ్యని పిల్లాడి దగ్గర ఓపిక ఉన్న మనిషి ఓర్చుకుంటారు. చదువుకున్న టీచరు ఓర్చుకుంటూనే, వాడికి తరచూ జలుబు చేస్తోందా, వెనక నుంచి పిలిస్తేనే పలకడం లేదా అని గమనిస్తారు. చెవి లోపల నీరు చేరి కొన్నాళ్ళు సరిగ్గా వినపడకపోవడం చిన్న వయసులో మామూలుగా జరిగేదే. అలాంటప్పుడు వాడికి కావలసింది ముందు డాక్టరు.

"అదంతా థియరీ, క్లాసులోనే నేర్చుకుంటాం"

ఇందులో సగం నిజం ఉంది, దాచను. నా డిగ్రీలో ఒక పేపరు మొత్తం నోట్సు డిక్టేట్ చేసి ముగించారు. పరీక్ష రాసిన మర్నాడు అందులో ఒక్క ముక్క గుర్తులేదు. అలాంటి పేపర్లు చాలాచోట్ల ఉంటాయి, వాటి మీద ఫిర్యాదు చేయాల్సిందే. ఆ వంకతో థియరీ మొత్తాన్ని చెత్తబుట్టలో వేస్తే మాత్రం నష్టపోయేది పిల్లలు.

ఒక పాఠ్యాంశం తీసుకుందాం. రెండు వరసల్లో సమానంగా గింజలు పేర్చి, ఒక వరసని కాస్త ఎడంగా జరిపితే, ఆరేడేళ్ళలోపు పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరసలోనే ఎక్కువ గింజలున్నాయంటారు. ఇది పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే చెప్పింది. సంఖ్య మారలేదన్న ఎరుక పిల్లలకి కొంత వయసు వస్తేగానీ రాదని చాలామంది అనుకున్నారు. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు అదే ప్రయోగాన్ని ఒక చిన్న మార్పుతో చేశారు. గింజల్ని పెద్దమనిషి జరపలేదు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు ఎక్కువమంది పిల్లలు "రెండూ సమానమే" అని సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్ళు కావాలని జరిపి మళ్ళీ అదే ప్రశ్న అడిగేసరికి, "మొదటి జవాబు తప్పేమో, మార్చమంటున్నారేమో" అని పిల్లలు అనుకుంటున్నారని ఆ పరిశోధకులు వివరించారు.

దీన్ని థియరీ అనే అంటారు. ఇది చదివినప్పటి నుంచి, పిల్లలు సరైన జవాబు చెప్పాక నేను "నిజమా? మళ్ళీ చెప్పు" అని అడిగేముందు ఆలోచిస్తాను. అడగాల్సి వస్తే, "తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా నేను ఇలాగే అడుగుతాను" అని ముందే అలవాటు చేస్తాను.

ఇక "క్లాసులోనే నేర్చుకుంటాం" అన్న మాట. స్కూలు చదువు ముగిసేసరికి మనం దాదాపు 13,000 గంటలు టీచర్లని చూస్తూ గడిపి ఉంటామని సోషియాలజిస్టు డాన్ లోర్టీ 1975లో లెక్క వేశాడు. అన్ని గంటలు చూశాం కాబట్టి ఈ పని మనకి తెలుసనిపిస్తుంది. చూసింది బోర్డు ముందు జరిగేది మాత్రమే. ఆ రోజు ఆ లెక్కనే ఎందుకు ఇచ్చారు, ఆ పిల్లనే ఎందుకు లేపారు, అది మనకి ఎవరూ చెప్పలేదు. ఏ చదువూ లేకుండా నేరుగా క్లాసులోకి వెళ్ళినవాళ్ళు గాభరాలో, తమకి ఎవరు ఎలా చెప్పారో అలాగే చెప్పేస్తారు. అనుభవంతో మారతారు, నిజమే. మారేలోపు వాళ్ళ చేతుల మీదుగా రెండు మూడు బ్యాచ్‌లు వెళ్ళిపోతాయి. పై క్లాసుకి వెళ్ళాక వాళ్ళకి ఎవరు మళ్ళీ మొదటి నుంచి నేర్పుతారు?

పైగా మంచి కోర్సులో స్కూలుకి వెళ్ళడం చివర్లో అతికించిన ముక్కలా ఉండదు. మొదటి ఏడాదే చూడడానికి పంపిస్తారు, తర్వాత నలుగురైదుగురు పిల్లలతో, ఆ తర్వాత పూర్తి క్లాసుతో. నేను పైన చెప్పిన గళ్ళ కాగితం యూనివర్సిటీ చదువులో భాగమే.

"వీడియోలు ఉన్నాయి కదా"

ఉన్నాయి, నేనూ చూపిస్తాను. గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద గీసే బొమ్మకంటే వీడియోలో బాగా అర్థమవుతుంది. కానీ 35 వేసిన ఇద్దరు పిల్లలకీ ఆ వీడియో ఒకే మాట చెబుతుంది. ఇప్పుడు తప్పుని బట్టి లెక్క మార్చే యాప్‌లు కూడా వస్తున్నాయంటే, ఆ పద్ధతి ఎవరో పిల్లల తప్పుల్ని కూర్చుని చదివినందువల్లే వచ్చింది.

"మంచి మార్కులు వచ్చినవాళ్ళు అటు వెళ్ళొద్దు"

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ వాక్యమే. చాలాచోట్ల జీతాలు, గౌరవం ఈ పనికి తగ్గట్టు లేవు. ఆ మాట అంటే నేనూ గొంతు కలుపుతాను. తెలివైనవాళ్ళకి ఇక్కడ పనేమీ లేదంటే ఒప్పుకోను. ఒకే రోజులో భాష, లెక్కలు, సైన్సు చెప్పే మనిషికి అన్నిటిలోనూ పునాది గట్టిగా ఉండాలి. 8 + 4 = ☐ + 5 అని రాసి పిల్లల్ని అడిగి చూడండి, ఎంతోమంది గడిలో 12 వేస్తారు. సమానం గుర్తు అంటే "ఇక జవాబు రాయి" అని వాళ్ళకి స్థిరపడిపోయింది. పెద్ద క్లాసులో బీజగణితం రానప్పుడు ట్యూషన్ పెట్టిస్తాం, టెన్షన్ పడతాం. అది మొదలైంది ఒకటి రెండు క్లాసుల్లో. ఫిన్లాండ్‌లో ప్రైమరీ టీచర్లకి కూడా మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేసి 40 ఏళ్ళు దాటింది. అక్కడ ఆ సీట్ల కోసం బాగా పోటీ ఉంటుంది.

చెల్లికి ఇవన్నీ చెప్పాక, "అయితే ఏ కాలేజీ అయినా ఫర్వాలేదా?" అంది. ఫర్వా ఉంది. చేరేముందు అక్కడ చదువుతున్న సీనియర్లని ఈ నాలుగు సంగతులు అడగమన్నాను. మొత్తం కోర్సులో స్కూల్లో గడిపేది ఎన్ని వారాలు, మొదటి ఏడాదే మొదలవుతుందా? నువ్వు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసేది ఎవరు, చూశాక నీతో కూర్చుని ఎంతసేపు మాట్లాడతారు? చదవడం ఎలా నేర్పాలి, లెక్క ఎలా నేర్పాలి అనేవాటికి విడివిడిగా పేపర్లు ఉన్నాయా? పిల్లలు నిజంగా రాసిన పుస్తకాలు మీ చేతికి ఎప్పుడైనా ఇచ్చారా?

నిన్న రాత్రి ఒక సీనియర్‌తో మాట్లాడిందట. చివరి ప్రశ్నకి ఆ అమ్మాయి గంటసేపు జవాబు చెప్పిందని, మధ్యలో ఫొటోలు కూడా పంపిందని చెప్పింది. అందులో ఒక ఫొటో నాకు పంపింది. ఎవరో పిల్లాడు 61 లోంచి 38 తీసి 37 వేశాడు. కింద చెల్లి రాసిన మాట: "అక్కా, వీడు తిరగేశాడు కదా?"