పక్కింటి పది

తాతయ్య: ఏమే, విన్నావా? మన చిన్ని బడిలో అప్పు చేసిందట!

అమ్మమ్మ: మెల్లగా అనండి, ఇప్పుడే నిద్రపోయింది. ఎవరన్నారు?

తాతయ్య: అదే చెప్పింది, నవ్వుతూ! "పక్కింటి నుంచి పది అప్పు తెచ్చా తాతయ్యా" అంది. తిరిగిచ్చేశావా అంటే, "ఇవ్వక్కర్లేదు, టీచరే తెచ్చుకోమన్నారు" అంది. రెండో తరగతిలోనే ఎగవేత నేర్పుతున్నారే!

అమ్మమ్మ: ...

తాతయ్య: అలా చూస్తావేం? పెన్సిల్ డబ్బాలో పది కాగితం పెట్టేశా. క్షమించమని టీచరుకి చీటీ కూడా రాశా.

అమ్మమ్మ: జీవితమంతా పద్దులు రాసిన మనిషి! అవి తీసివేతలండీ!

(పద్దుల మనిషి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఓడిపోతున్నప్పుడల్లా ఆయన చేసే పని అదే.)

అమ్మమ్మ: 53లోంచి 28 తీసెయ్యాలి. 3లోంచి 8 పోదు. పక్కనున్న పదుల ఇంటికెళ్ళి ఒకటి తెచ్చుకుంటే 3 కాస్తా 13 అవుతుంది. 13లో 8 పోతే 5.

తాతయ్య: ఆగు. తెచ్చింది ఒకటి, అయింది పదా? వడ్డీ మరీ అంతా?

అమ్మమ్మ: వడ్డీ కాదు. అక్కడ ఒకటంటే ఒక కట్ట. కట్ట విప్పితే పది పుల్లలు.

తాతయ్య: మరి ఇచ్చిన 5 గతేంటి?

అమ్మమ్మ: 4 అవుతుంది. 5 మీద గీత కొట్టి, పైన 4 వేస్తారు.

తాతయ్య: సాయం చేసినవాడి మీదే గీతా! ఇదెక్కడి న్యాయమే?

అమ్మమ్మ: మీ తమ్ముడికి ఇచ్చినప్పుడు మన మీద పడలేదూ?

తాతయ్య: మధ్యలో వాడెందుకు!... సరే, పక్కింట్లో సున్నా ఉంటే? 402లోంచి 57 తియ్యాలనుకో. వాడి దగ్గరేం ఉందని అడగడం?

అమ్మమ్మ: ఆ సున్నా వందల ఇంటికెళ్తుంది. 4 ఒక వంద ఇచ్చి 3 అవుతుంది. ఆ వందే పది కట్టలు. సున్నా అందులో ఒక కట్ట ఒకట్లకి ఇచ్చి, తొమ్మిది తన దగ్గరే ఉంచుకుంటుంది.

తాతయ్య: సున్నాగాడు అప్పు తెచ్చి, అందులోంచి అప్పిచ్చి, తొమ్మిది మిగుల్చుకున్నాడా!

అమ్మమ్మ: మీకంటే నయం.

తాతయ్య: అదంతా సరేనే. అసలు మొదటి పది ఎప్పుడు తిరిగిచ్చినట్టు?

(ఇక్కడ అమ్మమ్మ కాకుండా ఎవరున్నా లేచి వెళ్ళిపోయేవారు.)

అమ్మమ్మ: 53లో 28 పోతే 25. సరిచూడాలంటే 25కి 28 కలపాలి. 5, 8 కలిపితే 13. 3 వేసి ఒకటి చేతిలో ఉంచుకుంటాం. ఆ ఒకటి ఎక్కడికెళ్తుంది?

తాతయ్య: పదుల... పదుల ఇంటికి!

అమ్మమ్మ: 2, 2, చేతిలో ఒకటి.

తాతయ్య: 5! వాడి 5 వాడికొచ్చేసింది! చిన్ని తీర్చేసిందే!

అమ్మమ్మ: అరవకండి అన్నానా! కళ్ళు తుడుచుకోండి, ఎవరైనా చూస్తే నిజంగానే బాకీ వసూలైందనుకుంటారు.

తాతయ్య: అద్దాల మీద దుమ్మే. చీటీ తీసేస్తానుండు.

అమ్మమ్మ: ఎప్పుడో తీసేశా. "మా పిల్ల బంగారం, తప్పంతా నా పెంపకానిదే" అని రాశారు. ఆ మాట నా బీరువాలో భద్రంగా ఉంటుంది, అవసరం పడుతుంది.

తాతయ్య: ఇచ్చెయ్యవే!

అమ్మమ్మ: ముందు ఈ పుల్లలు కట్టండి. రేపు బడికి పది కట్టలు కావాలట, కట్టకి పది.

(చాలాసేపు నిశ్శబ్దం. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పింది.)

తాతయ్య: తొంభై తొమ్మిదే ఉన్నాయే. పక్కింటికెళ్ళి ఒకటి...

అమ్మమ్మ: నడుం పట్టుకుని ఎక్కడికీ లేవకండి. ఒకదాన్ని విరిచి రెండు చెయ్యండి. టీచరుకి మాత్రం చీటీ రాయొద్దు.